ట్రిగ్గర్ మీద నేరం మోపేముందు

పోయిన సంచికలో కుట్టుమిషను దారం ఎందుకు తెంపుతుందో రాశాను. "ఈసారి పంపుస్టవ్వు సంగతి రాయండి" అని ఇద్దరు ముగ్గురు పాఠకులు అడిగారు. వారి కోరిక వచ్చే సంచికలో తప్పక తీరుస్తాను. ఈలోగా నా చేతికి వచ్చిన మరమ్మతు ఒకటి చెప్పకుండా ఉండలేకపోతున్నాను. వస్తువు మన వంటింటిది కాదు, ఆటస్థలానిది. మనలో చాలామంది దాన్ని చూసి కూడా ఉండరు. అయినా అందులో నేను నేర్చుకున్నది ఏ ఇంట్లోనైనా పనికొస్తుందని రాస్తున్నాను.

మా అక్క కొడుకు హొసూరు దగ్గర ఒక మామిడితోట కౌలుకు తీసుకుని పెయింట్‌బాల్ ఆట నడుపుతున్నాడు. శని, ఆదివారాల్లో బెంగళూరు కంపెనీల వాళ్ళు జట్లుగా వస్తారు. టైర్ల చాటున, గడ్డివాముల చాటున నక్కి ఒకరి మీద ఒకరు రంగు గుళికలు కొట్టుకుంటారు. గుళిక అంటే పలుచని జెలటిన్ తొడుగులో, నీళ్ళతో కడిగితే పోయే రంగు. సుమారు 17 మిల్లీమీటర్ల లావు, 3 గ్రాముల బరువు. తగిలినచోట పగిలి రంగు అంటుకుంటుంది. రంగు అంటినవాడు ఆటలోంచి బయటికి.

నేను మొదటిసారి వెళ్ళినప్పుడు "ఈ తుపాకి ఎంతరా?" అన్నాను. "తుపాకి అనకు మామా, మార్కర్ అనాలి" అని సరిదిద్దాడు. ఆ పేరుకు కారణం ఉంది. 1970లలో అమెరికాలో నెల్సన్ పెయింట్ కంపెనీ ఈ పరికరాన్ని ఆటకోసం అమ్మలేదు. అడవిలో నరకవలసిన చెట్టుకు, మందలో వేరు చెయ్యవలసిన పశువుకు దూరంనుంచే గుర్తు పెట్టడానికి అమ్మింది. 1981 జూన్ 27న న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలోని హెన్నికర్ దగ్గర అడవిలో పన్నెండుమంది మొదటిసారి దీనితో పోటీగా ఆట ఆడారు. ఆ రోజు గెలిచిన రిచీ వైట్ అడవుల పని తెలిసినవాడు. అతను ఒక్క గుళికైనా కొట్టకుండా చెట్లచాటున నడిచి, జెండాలన్నీ పోగుచేసుకుని గెలిచాడు.

ఆట సరదాదే. కాని గుళిక వేగానికి సాధారణంగా పెట్టే హద్దు సెకనుకు 300 అడుగులు, అంటే గంటకు సుమారు 330 కిలోమీటర్లు. ఒంటికి తగిలితే చర్మం కందుతుంది. కంటికి తగిలితే కన్ను పోతుంది. అందుకే మైదానంలో ఉన్నంతసేపూ ముఖానికి మాస్కు తియ్యకూడదన్నది మొదటి నియమం.

గత డిసెంబరులో ఒక ఆదివారం ఉదయం అక్క ఫోను చేసింది. గొంతులో కంగారు. "తమ్ముడూ, ఒకసారి వచ్చిపో. వీడు పనికుర్రాణ్ణి తీసేస్తానంటున్నాడు. ఆ పిల్లవాడు మూడేళ్ళనుంచి మన దగ్గర ఉన్నాడు" అంది. జరిగింది ఇది. పొద్దున్నే వచ్చిన జట్టులో ఒకాయన మార్కర్ సరిచూసుకుంటూ ట్రిగ్గర్ ఒక్కసారి నొక్కాడు. ఒక గుళిక రావలసింది, బుర్రుమని అయిదారు వచ్చాయి. ఆయన కంగారుపడి మార్కర్ పక్కకు తిప్పాడు. ఆ పక్కన ఒక అమ్మాయి, మాస్కు మంచుపట్టి కనపడక, తుడుచుకుందామని పైకెత్తి ఉంది. చివరి గుళిక ఆమె చెవిపక్క గుంజకు తగిలి పగిలింది. ఎవరికీ ఏమీ కాలేదు. కాని జానెడు ఇటు వచ్చి ఉంటే?

మా వాడు భయపడ్డాడు. భయం వెంటనే కోపమైంది. "ట్రిగ్గర్ మెత్తగా ఉండాలని వీడే లోపల కొక్కెం అరగదీశాడు మామా" అన్నాడు. కుర్రాడికి ఇరవై ఏళ్ళుంటాయి, పదో తరగతి దాకా చదివాడు. తలవంచుకుని "నేను ఆకురాయి పెట్టలేదు సార్" అని ఒకే మాట అన్నాడు.

నేను చేరేసరికి మధ్యాహ్నం రెండయింది. ముందు పరికరం ఎలా పనిచేస్తుందో కూర్చుని తెలుసుకున్నాను. అద్దెకిచ్చే మార్కర్లలో ఎక్కువ భాగం గ్యాసు వెనక్కి తన్నే పద్ధతివి. లోపల ఒక ఇనుప సుత్తి ఉంటుంది. దాని వెనక గట్టి స్ప్రింగు. పిడి పట్టుకుని సుత్తిని వెనక్కి లాగితే ఒక చిన్న కొక్కెం దాన్ని పట్టుకుని ఆపుతుంది. ఈ కొక్కేన్ని మెకానిక్కులు సియర్ అంటారు. ట్రిగ్గర్ చేసే పనల్లా ఆ కొక్కేన్ని వంచి సుత్తిని వదలడమే. సుత్తి ముందుకు దూకి గుళికను గొట్టంలోకి నెట్టి, గ్యాసు కవాటాన్ని కొడుతుంది. కవాటం తెరుచుకోగానే గ్యాసులో కొంత ముందుకు పోయి గుళికను తోస్తుంది. మిగిలింది వెనక్కి పోయి సుత్తిని మళ్ళీ మొదటి చోటుకు తంతుంది. కొక్కెం మళ్ళీ పట్టుకుంటుంది. ఒక నొక్కుకు ఒక గుళిక.

ఇక్కడే అసలు సంగతి ఉంది. సుత్తి కొక్కెం దాకా పూర్తిగా వెనక్కి రాకపోతే కొక్కెం దాన్ని పట్టుకోలేదు. స్ప్రింగు వెంటనే ముందుకు విసురుతుంది. మళ్ళీ కవాటం, మళ్ళీ గ్యాసు, మళ్ళీ సగం దూరం. అదే బుర్రుమనే చప్పుడు. చూసేవాడికి ట్రిగ్గర్ చెడినట్టే ఉంటుంది. కాని కారణాలు రెండు. కొక్కెం అంచు అరిగి పట్టుకోలేకపోవడం ఒకటి. కొక్కెం బాగానే ఉండి సుత్తి దానిదాకా రాకపోవడం రెండోది.

రెండింటినీ వేరుచేసే పరీక్ష సులువైనది. ముందుగా మాస్కు పెట్టుకున్నాం. గొట్టానికి సంచీ తొడిగాం. తొట్టిలో గుళికలు తీసేశాం. సిలిండరు విప్పాం. సిలిండరు తీసినా లోపల గ్యాసు కొంత మిగిలే ఉంటుంది. దాన్ని మనుషులు లేని వైపు తిప్పి, చప్పుడు ఆగేదాకా వదిలేశాం. ఆ తర్వాతే చెయ్యి పెట్టాను. సుత్తిని చేత్తో వెనక్కి లాగితే టక్కుమని పట్టుకుంది. అరచేత్తో వెనకవైపు తట్టాను, జారలేదు. ట్రిగ్గర్ నొక్కితే వదిలింది. ఇలా ఇరవైసార్లు చేశాను. ఇరవైసార్లూ పట్టింది. విప్పి చూశాం. కొక్కెం అంచు పదునుగా, చదునుగా ఉంది. ఆకురాయి గీత ఒక్కటి లేదు. రెండు స్ప్రింగులూ వాటి గూళ్ళలోనే ఉన్నాయి.

మళ్ళీ బిగించి, గ్యాసు ఎక్కించి యాభై గుళికలు కొట్టించాను. ఒక్కటి తప్పలేదు.

మా వాడు ఒప్పుకోలేదు. "చూశావా మామా, నువ్వు వస్తున్నావని తెలిసి వీడు కొత్త కొక్కెం వేసి సర్దేశాడు" అన్నాడు. తప్పు కనబడితే కుర్రాడిదే, కనబడకపోయినా కుర్రాడిదే. వాడు మాట్లాడలేదు. ఆ మౌనం నేను ఇంతకుముందు ఒకసారి చూశాను.

1994లో నేను బళ్ళారి జిల్లాలో ఒక బ్రాంచిలో క్లర్కుని. అప్పుడు లెక్కలన్నీ చేత్తోనే. ఒక సాయంత్రం క్యాషు 900 రూపాయలు తక్కువ వచ్చింది. క్యాషియరు పెద్దాయన, రిటైర్మెంటుకు ఏడాది ఉంది. మేనేజరు అందరిముందూ రెండు మాటలన్నారు. ఆయన ఎదురు చెప్పలేదు. జీతంలో పట్టుకోమని కాగితం రాయడానికి కూర్చున్నారు. డబ్బు తగ్గింది ఆయన పెట్టెలో కాబట్టి తప్పు ఆయనదేనని మేమంతా అనుకున్నాం. తేడా తొమ్మిదితో భాగిస్తే శేషం లేకుండా పోతే అంకెలు తారుమారయ్యాయేమో చూడాలని బి.కామ్‌లో చెప్పింది నాకు అప్పుడు గుర్తొచ్చింది. వోచర్లు ఒక్కొక్కటే స్క్రోలుతో పోల్చాను. 5,400 చెక్కును స్క్రోలులో 4,500గా ఎక్కించి ఉంది. ఎక్కించిన చెయ్యి నాది. ఆ కాగితం చించేసి ఆయన ఇంటికి వెళ్ళారు. నన్ను ఒక్క మాట అనలేదు. అందుకే ఇన్నేళ్ళయినా మరచిపోలేదు.

తేడా బయటపడ్డ చోటు వేరు, తేడా పుట్టిన చోటు వేరు. ఇది ఆ రోజు నేర్చుకున్నాను. అందుకే ఆ మధ్యాహ్నం మా వాడితో, "ఈ ఒక్క రాత్రి ఆగు. రేపు పొద్దున్న చూసి మాట్లాడదాం" అన్నాను. సోమవారం సెలవు పెట్టి అక్క ఇంట్లోనే ఉండిపోయాను.

సాయంత్రం కుర్రాణ్ణి పిలిచి, "ఇలా ఎప్పుడెప్పుడు జరిగిందో జ్ఞాపకముందా?" అని అడిగాను. వాడు లోపలికి వెళ్ళి ఒక నలభై పేజీల నోటుపుస్తకం తెచ్చాడు. ఎవరూ రాయమనలేదు. సిలిండర్లు నింపినప్పుడు తూకం, మార్కర్ నెంబరు, ఏ పూట ఏం చెడింది, అన్నీ పెన్సిలుతో రాసుకున్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. రిజిష్టరు ఉన్నచోట నిజం దొరుకుతుంది.

ఆ నెలలో అయిదుసార్లు బుర్రుమంది. అయిదూ ఉదయం పది గంటలలోపే. పన్నెండు మార్కర్లు ఉంటే, అయిదూ 3, 7 నెంబర్లవే. సిలిండర్లు మాత్రం ప్రతిసారీ వేరు, తూకం ప్రకారం నాలుగు నిండుగా ఉన్నాయి. కొక్కెం అరిగి ఉంటే మధ్యాహ్నం కూడా అరిగే ఉండాలి కదా. గ్యాసు ఒక్కటే కారణమైతే పన్నెండూ ఆడాలి. చలిపూట, ఆ రెండింటిలోనే ఏదో జరుగుతోంది.

మర్నాడు ఉదయం ఆరున్నరకు షెడ్డులో ముగ్గురం ఉన్నాం. హొసూరు చలి మీకు తెలిసిందే. గ్యాసు లేకుండానే ఒక్కొక్క మార్కరు సుత్తిని చేత్తో లాగి చూశాను. 1, 2 తేలిగ్గా జారాయి. 3 బరువుగా, గడ్డపెరుగులో గరిటె కదిపినట్టు కదిలింది. 7 కూడా అంతే. విప్పితే సుత్తి చుట్టూ, దాని రబ్బరు రింగు చుట్టూ తెల్లగా పేరుకున్న పొర. వేలిమీద తీసుకుని రుద్దితే కరిగిపోయింది. వాసన చూశాను. అక్క జడ వేసుకునేటప్పుడు వచ్చే వాసన.

కొబ్బరినూనె. 24 డిగ్రీల దగ్గర పేరుకునే నూనె. చలికాలంలో సీసాలో గడ్డకట్టడం మనందరం చూసేదే. మధ్యాహ్నానికి కరిగి నూనె అయిపోతుంది, మార్కరు చక్కగా ఆడుతుంది. పొద్దున్న జిగురై సుత్తిని పట్టుకుంటుంది.

దానికి గ్యాసు కూడా తోడైంది. ఈ సిలిండర్లలో ఉండేది ద్రవరూపంలో కార్బన్ డయాక్సైడ్. దాని ఒత్తిడి వేడినిబట్టి మారుతుంది. 25 డిగ్రీల దగ్గర గాలి ఒత్తిడికి సుమారు 64 రెట్లు ఉండేది, 15 డిగ్రీలకు దిగితే సుమారు 51 రెట్లవుతుంది. అంటే అయిదో వంతు బలం తగ్గినట్టు. నూనె చక్కగా ఉన్న పది మార్కర్లూ ఆ తగ్గుదలను తట్టుకున్నాయి. ఈ రెండూ తట్టుకోలేక సుత్తిని సగం దూరం తన్ని వదిలేశాయి. కొక్కెం దాకా వస్తేగా కొక్కెం పట్టుకునేది!

"ఎవరు వేశారు ఈ నూనె?" అని నేను అడగలేదు. అడగవలసిన అవసరం రాలేదు. మా వాడే కాసేపు నేల చూసి, "నేనే మామా. దీపావళి తర్వాత మార్కర్ నూనె అయిపోతే, పార్టీ వచ్చేసిందని అమ్మ సీసాలోంచి తెచ్చి ఈ రెండింటికీ నేనే వేశా. వీడు ఆ రోజు ఊళ్ళో లేడు" అన్నాడు.

కుర్రాడు అప్పటికే గుడ్డ తీసుకుని సుత్తి తుడుస్తున్నాడు.

రెండింటినీ పూర్తిగా విప్పి, పొర తుడిచి, సబ్బునీళ్ళతో కడిగి, తడి లేకుండా ఆరబెట్టి, రబ్బరు రింగులు మార్చాం. బెంగళూరునుంచి వచ్చే స్నేహితుడు తెచ్చిన అసలు నూనె మూడేసి చుక్కలు వేశాం. మరునాడు ఉదయం అదే చలిలో కొట్టి చూసి కుర్రాడే నాకు ఫోను చేశాడు. ఒక నొక్కుకు ఒక గుళిక.

ఇటువంటి పరికరం మీ పిల్లల చేతికో, మీ ఊరి ఆటస్థలానికో వచ్చి ఉంటే ఈ వరుస గుర్తుంచుకోండి.

ఒకటి. ట్రిగ్గర్ అసలు కదలకపోతే ముందు సేఫ్టీ మీట చూడండి. తర్వాత ఎండిన రంగు, ఇసుక. ఆ తర్వాత ఒంటి స్క్రూలు మరీ బిగించారేమో చూడండి. రెండు చెక్కలు నొక్కుకుంటే లోపల కొక్కేనికి కదలడానికి చోటుండదు.

రెండు. నొక్కిన ట్రిగ్గర్ వెనక్కి రాకపోతే దాని స్ప్రింగు విరిగి ఉంటుంది, లేదా గూటిలోంచి తప్పుకుని ఉంటుంది. ట్రిగ్గరు తిరిగే పిన్ను పక్కకు జరిగిందేమో కూడా చూడండి.

మూడు. గ్యాసు లేకుండా చేత్తో లాగినా సుత్తి నిలవకపోతే, లేక తడితే జారితే, తప్పు నిజంగా కొక్కేనిదే. అంచు గుండ్రంగా అరిగి ఉంటుంది, లేదా దాని స్ప్రింగు చెడి ఉంటుంది. కొత్తది వెయ్యండి. ఆకురాయితో సరిచెయ్యవద్దు. కోణం మారితే చిన్న కుదుపుకే పేలుతుంది.

నాలుగు. చేత్తో లాగినప్పుడు చక్కగా నిలిచి, గ్యాసుతో మాత్రమే బుర్రుమంటే ట్రిగ్గర్ జోలికి పోకండి. సిలిండరు తూచండి. ద్రవం ఉన్నంతకాలం లోపలి ఒత్తిడి దాదాపు ఒకేలా ఉంటుంది కాబట్టి ఎంత మిగిలిందో తూకమే చెబుతుంది, మన వంటగ్యాసులాగే. తర్వాత వేగం స్క్రూ మరీ తగ్గించారేమో, సుత్తి రింగు ఎండిందేమో, నూనె ఏదో చూడండి. చలిగా ఉంది కదా అని సిలిండరును ఎండలోనో వేడినీళ్ళలోనో పెట్టకండి, అది ప్రాణాపాయం.

అయిదు. పరీక్ష చేసేటప్పుడు కూడా మాస్కు ఉండాలి. చుట్టుపక్కల ఉన్నవాళ్ళందరికీ ఉండాలి. ఆ ఆదివారం అమ్మాయి కన్ను కాపాడింది మా లెక్క కాదు, జానెడు దూరం. దానిమీద రెండోసారి ఆధారపడకూడదు. ఇప్పుడు మా వాడి తోటలో మాస్కు తుడుచుకోవాలంటే వల కట్టిన గదిలోకి వెళ్ళి తీరాలి.

మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు షెడ్డులో అట్టవేసిన కొత్త రిజిష్టరు కనబడింది. రాసేది కుర్రాడే. తాళాలు కూడా వాడి దగ్గరే ఉన్నాయి. మొదటి పేజీలో మొదటి వరుస మాత్రం మా మేనల్లుడి చేతిరాత: "3, 7. కొబ్బరినూనె వల్ల చెడినవి. వేసినవాడు..." ఆ తర్వాత తన సంతకం పెట్టాడు.

బ్యాంకులో ముప్పై ఏళ్ళుగా సంతకాలు చూస్తున్నాను. అంత స్పష్టంగా ఉన్న సంతకాలు తక్కువ.

వచ్చే సంచికలో పంపుస్టవ్వు. సెలవు.